ఒప్పించే వ్యాసానికి మాటల ఎంపిక: ఒడిశా సరిహద్దు తెలుగు విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

నిరుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు ఆడపిల్లల చదువు మీద వ్యాసం రాసి తెచ్చింది. "బాలికలకు శిక్ష తప్పనిసరి చేయాలి" అన్నది అందులో మొదటి వాక్యం. ఆ అమ్మాయి బడిలో చదివేది ఒడియా మాధ్యమం. ఒడియాలో శిక్ష అంటే చదువు, తెలుగులో దండన. మిగతా వాదన అంతా సక్రమంగా ఉంది, ఉదాహరణలు బాగున్నాయి. మొదటి వాక్యం దగ్గరే చదివేవారి మనసు వేరే దారి పట్టింది.

పర్లాకిమిడిలో నేను సాయంత్రాలు పిల్లలకు తెలుగు చెబుతాను. ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం దగ్గర పడుతోందంటే చాలు, వ్యాసరచన పోటీకి వెళ్లేవారంతా ఒకే ప్రశ్న అడుగుతారు: "మాస్టారూ, మంచి పదాలు ఎలా పడతాయి?" మంచి పదాలంటే వారి ఉద్దేశం పెద్ద పదాలు. ఒప్పించే వ్యాసంలో మంచి మాట అంటే, చదివేవారు నిలదీసి అడిగినా నిలబడే మాట. దాన్ని ఎంచుకునే పద్ధతి వరుసగా చెబుతాను. ఉదాహరణకు మొదటి నుంచి చివరి దాకా ఒకే అంశం తీసుకుందాం: "మా ఊరి ప్రాథమిక బడిలో తెలుగు బోధన ఉండాలి."

1. కలం పట్టేముందు మూడు జవాబులు

వేరే కాగితం మీద ఈ మూడింటికీ ఒక్కో వాక్యంలో జవాబు రాయండి.

☐ ఇది చదివేది ఎవరు?
☐ చదివాక వారు ఏం చేయాలని నా కోరిక?
☐ ఒప్పుకోవడానికి వారికి అడ్డొచ్చే సందేహం ఏది?

మూడోది చాలామంది వదిలేస్తారు, కానీ మాటలు పుట్టేది అక్కడి నుంచే. మన అంశంలో ఆ సందేహం ఇలా ఉంటుంది: "తెలుగు నేర్పితే పిల్లలు ఒడియాలో వెనకబడతారేమో." ఇది తెలిశాక "ఒడియాకు బదులు తెలుగు" అని రాయాలా, "ఒడియాతో పాటు తెలుగు" అని రాయాలా అన్నది వెంటనే తేలిపోతుంది. ఈ ఒక్క జంటలో పొరపాటు చేస్తే తరువాతి మూడు పేజీలూ వృథా.

తరువాత మాటలు పోగుచేయండి. నిఘంటువు దగ్గరికి ఇప్పుడే వెళ్లవద్దు. ఒకటో తరగతి పిల్లవాడి తల్లితో పది నిమిషాలు మాట్లాడండి. పలక, వాచకం, గుణింతం, ఒత్తు, హాజరు, "ఇంటి దగ్గర చెప్పేవాళ్లు లేరు": ఇలాంటి మాటలు ఇరవై దొరుకుతాయి. వ్యాసానికి ఎముకలు అవే.

2. కోరికకూ, కష్టానికీ సరైన మెట్టు

మనం అడిగేదానికి తెలుగులో ఎన్నో పేర్లున్నాయి. ఒక్కో పేరు అడిగేవారిని ఒక్కో చోట నిలబెడుతుంది.

విన్నపం, అభ్యర్థన: కింద నిలబడి పైవారిని అడగడం.
విజ్ఞప్తి: మర్యాదగా, పదిమందికీ వినబడేలా అడగడం.
సూచన: ఒత్తిడి లేకుండా చెప్పడం.
ప్రతిపాదన: కారణాలతో సహా సమానుల ముందు పెట్టడం.
డిమాండ్: ఇవ్వకపోతే ఏం చేస్తామో కూడా మనసులో ఉంచుకుని అడగడం.

వ్యాసానికి చాలావరకు "ప్రతిపాదన" సరిపోతుంది. అర్జీకి "విజ్ఞప్తి" బాగుంటుంది. తరచు కనిపించే తప్పు ఏమిటంటే, మొదటి పేరాలో "డిమాండ్ చేస్తున్నాం" అని చివరి పేరాలో "దయచేసి ప్రార్థిస్తున్నాం" అనడం. చదివేవారికి రచయిత ఎక్కడ నిలబడ్డాడో అర్థం కాదు. ఒక మెట్టు ఎంచుకుని చివరి దాకా దాని మీదే ఉండండి.

కష్టానికి కూడా ఇలాంటి మెట్లే ఉన్నాయి: ఇబ్బంది, లోటు, సమస్య, నష్టం, అన్యాయం, ద్రోహం. నేను పిల్లలకు చెప్పే పద్ధతి ఇది: మీ చేతిలో ఉన్న ఆధారం ఏ మెట్టు దాకా మోయగలదో చూసుకుని, దానికి ఒక మెట్టు కింద ఉన్న మాట వాడండి. "లోటు" అని మీరు రాస్తే, వివరాలు చదివి "ఇది నష్టమే" అని పాఠకుడు తనంతట తాను అనుకుంటాడు. మీరే "ద్రోహం" అని రాస్తే, "అంత లేదులే" అనడం అతని వంతు అవుతుంది. పైగా "అన్యాయం" అన్నాక చేసింది ఎవరో చెప్పాలి. "ద్రోహం" అన్నాక వారి ఉద్దేశం కూడా రుజువు చేయాలి. వ్యాసంలో అంత చోటు ఉండదు.

3. ఏరు దాటితే అర్థం మారే మాటలు

మన ప్రాంతపు పిల్లలకు అసలు చిక్కు ఇక్కడే ఉంది, అందుకే ఈ భాగం మీద ఎక్కువ సమయం పెట్టండి. మహేంద్రతనయ ఏటికి అటు ఆంధ్రలో పాతపట్నం, ఇటు ఒడిశాలో పర్లాకిమిడి. రెండు భాషలూ సంస్కృతం నుంచి అవే మాటలు తెచ్చుకుని, వేరువేరు పనులకు పెట్టుకున్నాయి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు నడిచే పిల్లల కలం నుంచి ఈ మాటలు ఒడియా అర్థంతో తెలుగు వాక్యంలోకి జారుతాయి.

చరిత్ర: తెలుగులో గడిచిన కాలపు కథ. ఒడియాలో నడవడి, పాత్ర. "విద్యార్థికి మంచి చరిత్ర ఉండాలి" అని రాయకుండా "మంచి నడవడి ఉండాలి" అని రాయండి.

వ్యవసాయం: తెలుగులో సేద్యం, ఒడియాలో వ్యాపారం. కిరాణా దుకాణాల గురించి రాస్తూ "ఊరి వ్యవసాయం పెరిగింది" అంటే చదివేవారు పొలాల వైపు చూస్తారు.

అవసరం: తెలుగులో కావలసి రావడం. ఒడియాలో తీరిక, పదవీ విరమణ. "తెలుగు మాస్టారు అవసరం తీసుకున్నాక ఆ స్థానం ఖాళీగా ఉంది" అన్న వాక్యం నా దగ్గరికి చాలాసార్లు వచ్చింది. "పదవీ విరమణ చేశాక" అని దిద్దుకోవాలి.

ఆలోచన: తెలుగులో మనసులో జరిగేది, ఒడియాలో నలుగురు కూర్చుని చేసే చర్చ.

అనుమానం: తెలుగులో శంక, ఒడియాలో అంచనా.

విచారం: తెలుగులో దుఃఖం. ఒడియాలో తీర్పు, వివేచన.

ఉద్యమం: తెలుగులో పదిమంది కలిసి సాగించే పోరాటం. ఒడియాలో ప్రయత్నం, పూనిక. మనం ఉద్యమం అనేదాన్ని వారు ఆందోళన అంటారు. తెలుగులో ఆందోళన అంటే ముందు గుర్తొచ్చేది మనసులోని కలత.

ఉపన్యాసం: తెలుగులో ప్రసంగం, ఒడియాలో నవల.

అభిమానం: తెలుగులో ఇష్టం, ఆదరం. ఒడియాలో అయినవారి మీద అలక.

రాష్ట్రం: తెలుగులో ఒడిశా లాంటిది, ఒడియాలో దేశం. ఒడిశాను వారు రాజ్యం అంటారు.

ప్రస్తావన: తెలుగులో ఒక విషయం ఎత్తడం. ఒడియాలో ప్రస్తావ అంటే ప్రతిపాదన. "నా ప్రస్తావన ఏమిటంటే" అని మొదలుపెట్టే పిల్లలు అసలు చెప్పదలచుకున్నది "నా ప్రతిపాదన ఏమిటంటే" అని.

వీటిలో ఏవి ఎక్కువ ప్రమాదం? తప్పు అర్థంలో కూడా వాక్యం చక్కగా నిలబడేవి. "ఉపన్యాసం చదివాను" అంటే ఎవరైనా తడుముకుని సరిచేసుకుంటారు. "నా అనుమానం ప్రకారం ఇరవై మంది పిల్లలు చేరతారు" అంటే మాత్రం, లెక్క మీద మీకే నమ్మకం లేదని పాఠకుడు తీసుకుంటాడు. "నా అంచనా" అని రాయాలి. "అధికారులు ఈ విషయంలో విచారం చేయాలి" అంటే వారు బాధపడాలని అర్థం వస్తుంది. "పరిశీలించాలి" అని రాయాలి. ఇలాంటి వాక్యాన్ని ఎవరూ తప్పుగా గుర్తించరు, వాదన మాత్రం మెల్లగా బలహీనపడుతుంది.

సరిచేసుకునే పద్ధతి:

☐ చిత్తుప్రతిలోని సంస్కృత మాటలన్నిటి కిందా గీత గీయండి.
☐ ఒక్కోదాని చోట ఇంట్లో వాడే తెలుగు మాట పెట్టి చదవండి. శిక్ష చోట "దెబ్బలు", వ్యవసాయం చోట "సేద్యం", విచారం చోట "బాధ".
☐ వాక్యం వింతగా వినిపిస్తే ఒడియా అర్థం దూరిందన్నమాట. మాట మార్చండి.
☐ దొరికిన ప్రతి మాటనూ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఏడాదికి ముప్పై నలభై పోగవుతాయి, ఆ తరువాత కొత్తవి అరుదుగా వస్తాయి.

మహారాష్ట్ర వైపు సిరోంచ, కిన్వట్ ప్రాంతాల్లో చదివేవారు ఇదే పట్టీని మరాఠీతో వేసుకోవాలి, ఎందుకంటే అక్కడి ఉచ్చులు వేరు. సమాధానం అంటే మనకు జవాబు, ఒడియాలో పరిష్కారం, మరాఠీలో తృప్తి. శిక్షతో వారికి బాధ లేదు. మరాఠీలోనూ అది దండనే.

4. మనమా, మేమా

ఒప్పించే రచనలో తెలుగుకున్న గొప్ప సౌకర్యం ఈ రెండు మాటలు. "మేము"లో పాఠకుడు బయట ఉంటాడు, "మనం"లో లోపల ఉంటాడు. ఒడియాలో "ఆమె" అన్న ఒక్క మాటతోనే రెండు పనులూ నడుస్తాయి కనుక, ఒడియా మాధ్యమం పిల్లలు ఈ తేడా చూడకుండా రాస్తారు.

"మా భాషను మీరు గౌరవించాలి" అంటే మధ్యలో గోడ లేచింది. "మన బడిలో రెండు భాషల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు" అంటే పాఠకుడు కూడా ఆ బడికి సంబంధించినవాడే అయ్యాడు.

అలాగని అంతటా మనం పెట్టకూడదు. అనుభవం మీది మాత్రమే అయిన చోట మేము రాయండి: "మేము ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతాం." దారి చూపే చోట మనం రాయండి: "వారానికి మూడు గంటలతో మనం మొదలుపెట్టవచ్చు." పాఠకుడు పడని కష్టంలోకి అతన్ని మనం అని లాగితే అది దబాయింపులా ఉంటుంది. చిత్తుప్రతిలో ప్రతి మా, మన, మేము, మనం చుట్టూ సున్నా చుట్టి, ఒక్కోదానికి లోపల ఎవరు ఉన్నారో అడగండి.

5. హక్కు అని ఎప్పుడు రాయాలి

భాష మీద రాసే ప్రతి వ్యాసంలోనూ ఈ వాక్యం ఉంటుంది: "మాతృభాషలో చదువు రాజ్యాంగం ఇచ్చిన హక్కు." న్యాయం తెలిసినవారు చదివితే ఇక్కడే ఆగిపోతారు.

350ఎ అధికరణాన్ని 1956లో ఏడో సవరణ ద్వారా చేర్చారు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైనవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని అది చెబుతుంది. అందులో ఉన్న మాట ప్రయత్నం. 30వ అధికరణంలో మాత్రం హక్కు అనే మాటే ఉంది: మతపరంగా గానీ భాషాపరంగా గానీ అల్పసంఖ్యాకులైనవారు తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించుకుని నడుపుకునే హక్కు అది. ఇక 350వ అధికరణం ప్రకారం, కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఎవరైనా అధికారులకు తమ కష్టాన్ని విన్నవించుకోవచ్చు.

కనుక వాక్యం ఇలా మారాలి: "ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించేందుకు ప్రయత్నించాలని రాజ్యాంగం ప్రభుత్వాలను నిర్దేశిస్తోంది. మా ఊరిలో ఆ ప్రయత్నం ఎంతవరకు వచ్చింది?" హక్కు అనే మాట పోయింది. దాని చోట తప్పించుకోలేని ప్రశ్న వచ్చింది. నాకు ఇది ఎక్కువ బలమైన వాక్యం.

క్రియల్లోనూ ఇదే జాగ్రత్త ఉండాలి. "అవుతుంది", "కావచ్చు", "అయ్యే అవకాశం ఉంది", "కాక తప్పదు": ఇవి నాలుగు రకాల పూచీలు. లెక్కపెట్టి చూసినదానికి మొదటిది, రాబోయేదానికి రెండోదో మూడోదో వాడండి. నాలుగోది వ్యాసం మొత్తంలో ఒక్కసారికి మించకూడదు.

6. విశేషణాలు తీసి వస్తువులు పెట్టడం

అమూల్యమైన, మహోన్నతమైన, అత్యంత, ఎంతో, చాలా: ఇవన్నీ రాసినవారి ఉద్వేగాన్ని చెబుతాయి. పాఠకుడికి చూడటానికి ఏమీ ఇవ్వవు. నేను వీటిని కొట్టేయమన్నప్పుడు పిల్లలు బెంగపడతారు, పేరా చిక్కిపోయిందని. అందుకే ముందు వెనుకలు పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

ముందు: "మాతృభాష అత్యంత అమూల్యమైన సంపద. నేటి విద్యావ్యవస్థలోని అనేక లోపాల వల్ల చిన్నారులు ఎంతో తీవ్రమైన సమస్యలను ఎదుర్కొంటున్నారు. మాతృభాషాపరిరక్షణావశ్యకతను అందరూ గుర్తించాలి."

తరువాత: "మా పక్కింటి పిల్లవాడు మూడో తరగతి. ఎద్దు బొమ్మ చూపిస్తే పేరు చెబుతాడు, ఆ పేరును తెలుగులో రాయలేడు. ఊరికి వెళ్లిన అమ్మమ్మకు ఉత్తరం రాయాలంటే వాళ్ల అమ్మ రాస్తుంది, అతను పక్కన కూర్చుని చూస్తాడు."

రెండో దానిలో అలాంటి విశేషణమే లేదు. ఎద్దు, బొమ్మ, ఉత్తరం, అమ్మమ్మ ఉన్నారు. జాలి పడమని ఎవరూ చెప్పలేదు.

మొదటి పేరాలోని ఆ పొడవాటి సమాసం చూడండి. మూడు మాటలకు మించి ముడివేస్తే పాఠకుడు దాన్ని విప్పుకోడు, దాటిపోతాడు. "మాతృభాషను కాపాడుకోవాలి" అంటే సరిపోతుంది.

సామెత వాడాలనుకుంటే ఒకటి చాలు, అదీ వాదన మలుపు తిరిగే చోట. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అన్నది, ఇంటి భాష వస్తే బడి భాష సులువవుతుందని చెప్పే పేరాలో పనిచేస్తుంది. మొదటి వాక్యంగా పెడితే అలంకారంగా మిగిలిపోతుంది.

7. చేసినవారిని దాచే క్రియలు

"నిర్ణయం తీసుకోవడం జరిగింది", "పోస్టు రద్దు చేయబడింది". ఎవరు తీసుకున్నారు? ఎవరు రద్దు చేశారు? ఆఫీసు కాగితాలను చూసి నేర్చుకున్న ఈ వాక్యాలు వ్యాసాన్ని చల్లార్చేస్తాయి. జరిగింది, బడింది ఉన్న ప్రతి చోటా కర్తను వెతికి వాక్యాన్ని తిరగరాయండి. కర్త తెలియకపోతే తెలుసుకుని రాయండి. తెలుసుకోవడం కుదరకపోతే ఆ వాక్యాన్ని తీసేయండి.

8. అవతలివారి మాట చెప్పేటప్పుడు

ఎదుటి వాదాన్ని మీ మాటల్లో చెప్పే క్రియ కూడా తీర్పు ఇస్తుంది. "అన్నారు" ఏ పక్షమూ పట్టదు. "వాదించారు" అంటే మీరు ఒప్పుకోలేదని తెలుస్తుంది. "ఆరోపించారు" అంటే రుజువు లేదన్నట్టు. "ఒప్పుకున్నారు" అంటే అంతవరకు దాచారన్నట్టు. ఎదుటివారి సందేహం నిజమైనదైతే "అడుగుతున్నారు" అని రాయండి: "రెండు భాషల భారం పిల్లలు మోయగలరా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు."

వారికి పెట్టే పేరు కూడా అంతే. "తెలుగు వ్యతిరేకులు" అని రాస్తే ఆ తల్లిదండ్రులు ఇక మీ వ్యాసం చదవరు. వారు సందేహిస్తున్నారు, అంతే. "సందేహించేవారు" అనండి. మనం రేపు కూడా వారి పక్కింట్లోనే ఉంటాం.

9. మన జిల్లాకు తగిన పేర్లు

మనకు అందే తెలుగు పత్రికలూ, గైడ్లూ ఎక్కువగా ఆంధ్ర, తెలంగాణల నుంచి వస్తాయి. అందుకే గజపతి జిల్లా పిల్లలు కూడా "మండల విద్యాశాఖాధికారి" అని రాస్తారు. ఒడిశాలో ఆ మండలం లేదు. ఇక్కడ ఉన్నది బ్లాక్, ఉన్నది బ్లాక్ విద్యాధికారి. అధికారి పేరే తప్పితే అడిగిన పని ఎవరు చేయాలో తేలదు.

ఊళ్ల పేర్లలో తెలుగు పాఠకులకు పర్లాకిమిడి, బరంపురం అని రాయండి. అర్జీలో అయితే ఆఫీసు వాడే పరలాఖెముండి, బ్రహ్మపుర రూపాలు రాయండి. ఒకే రచనలో రెండు రూపాలూ కలపవద్దు.

ఇంటి మాటలు, అంటే గుంటడు (కుర్రాడు), బుగత (భూస్వామి) లాంటివి, ఎవరైనా పలికిన వాక్యంలో చక్కగా ఉంటాయి. మీ సొంత వాదనలో అందరికీ తెలిసిన మాట వాడండి. బస్సు, రేషన్ కార్డు లాంటి స్థిరపడిన మాటలకు సంస్కృతంలో కొత్త పేర్లు కట్టనక్కరలేదు. దరఖాస్తు, రుజువు, హాజరు కూడా ఇప్పుడు మన మాటలే.

10. దిద్దే క్రమం, పోటీ గంట

ఇంటి దగ్గర రాసేటప్పుడు అన్నీ ఒకేసారి దిద్దవద్దు. ఒక్కో విడతలో ఒక్కటే వెతకండి.

☐ మొదటి విడత: అర్థం మారే మాటలు
☐ రెండో విడత: మేము, మనం
☐ మూడో విడత: హక్కు, అన్యాయం లాంటి బరువైన మాటలు. ఒక్కోదానికి ఆధారం ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపాలి
☐ నాలుగో విడత: విశేషణాలు, జరిగింది, బడింది
☐ ఐదో విడత: బయటికి చదవడం

ఐదో విడతకు తెలుగు మాత్రమే వచ్చిన పెద్దవారిని ఒకరిని కూర్చోబెట్టుకోండి. వారు "అంటే?" అని అడిగిన ప్రతి చోటా ఆగి గుర్తు పెట్టండి. మీరు నోటితో ఇచ్చిన వివరణ రాసినదానికంటే బాగుంటే, దాన్నే కాగితం మీదికి ఎక్కించండి. నా దగ్గర చదివే పిల్లల వ్యాసాల్లో మంచి వాక్యాలు సగం ఇలా వచ్చినవే.

పోటీలో ఒక్క గంటే ఉంటుంది కనుక మొదటి పది నిమిషాలు మూడు జవాబులకూ, ఇరవై మాటలకూ ఇవ్వండి. ముప్పై ఐదు నిమిషాలు రాయండి. మిగిలిన పదిహేనులో ఎనిమిది నిమిషాలు అర్థం మారే మాటలకు, నాలుగు మేము, మనంకు, మూడు బరువైన మాటలకు కేటాయించండి. విశేషణాలకు సమయం మిగలకపోయినా ఫరవాలేదు. శిక్ష అని రాసిన చోట చదువు అని దిద్దకుండా మాత్రం కాగితం ఇవ్వవద్దు.